క్రీడాగురువు రహీమ్

హైదరాబాదు నగరమునకు చార్మినారు వలనను, గోలకొండ దుర్గము వలనను, ముత్యముల వర్తకము వలనను కలిగిన కీర్తిని లోకమెల్ల ఎఱుగును. ఆ నగరమునకు ఒకనాడు ఫుట్‌బాలు ఆట వలన కలిగిన కీర్తి మాత్రము నేటి బాలబాలికలలో అనేకులకు తెలియదు. ఇరువదవ శతాబ్దపు నడిమి కాలమున భారత జట్టును ఎన్నుకొనునప్పుడు పెద్దల చూపు మొదట కలకత్తా మీదను, వెంటనే హైదరాబాదు మీదను ప్రసరించెడిది. ఆ కీర్తికి మూలపురుషుడు సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఆయన సేనాపతి కాడు, మంత్రి కాడు, ధనవంతుడును కాడు. ఆయన ఒక బడిపంతులు. అట్టి బడిపంతులు తీర్చిదిద్దిన జట్టు రెండు పర్యాయములు ఆసియా ఖండమున అగ్రస్థానము నందెను. రెండవ విజయము నాటికి ఆయన తన జీవితపు చివరి సంవత్సరములో ఉండెను.

రహీమ్ 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించెను. నాటి హైదరాబాదు నిజాము ప్రభువుల రాజధాని. బాల్యము నుండియు ఆయనకు చదువు మీద ఎంత ప్రీతియో ఆట మీదను అంత ప్రీతి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి పట్టభద్రుడయ్యెను. చదువుకొను దినములలోను, అటు పిమ్మటను, నగరమందలి జట్ల పక్షమున ఫుట్‌బాలు ఆడి మంచి ఆటగాడని పేరు పొందెను. కాని ఆయన పేరు చిరస్థాయిగా నిలిచినది తాను ఆడిన ఆట వలన కాదు, ఇతరులకు నేర్పిన ఆట వలన.

చదువు ముగించిన పిదప రహీమ్ ఉపాధ్యాయ వృత్తిని స్వీకరించెను. కాచిగూడ మిడిల్ స్కూలులోను, తరువాత నగరమందలి మఱికొన్ని పాఠశాలలలోను ఆయన పనిచేసెను. వాటిలో దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలలు ముఖ్యమైనవి. వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది ఆయన ఆ పాఠశాలలలో ఆటల బాధ్యతను కూడ వహించెను. తరగతి గదిలో మందమతియగు పిల్లవానికి పాఠమును ఏ విధముగా విడమరచి చెప్పవలెనో ఆయనకు తెలియును. ఆ ఓర్పునే ఆయన ఆటస్థలమునకు కొనిపోయెను. ఒకే దెబ్బకు అందఱును ఆరితేరరనియు, ఒక్కొక్కని లోపము ఒక్కొక్క విధముగా ఉండుననియు, లోపమును కనిపెట్టి దిద్దుటయే గురువు పని యనియు ఆయన నమ్మకము.

1943లో రహీమ్ హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శి యయ్యెను. మరణించువఱకు ఆయన ఆ పదవిలో ఉండెను. పోటీలను నిర్వహించుట, రిఫరీలను తయారుచేయుట, ఆటస్థలములను సమకూర్చుట, వాడవాడల నుండి బాలురను వెదకి తెచ్చుట మొదలగు పనులన్నియు ఆయన భుజముల మీద పడెను. ఇంతటితో ఊరకుండక 1950 నుండి హైదరాబాదు నగర పోలీసు జట్టునకు శిక్షకుడుగా కూడ పనిచేసెను.

ఆ కాలమున ఫుట్‌బాలు అనగా కలకత్తాయే యని దేశమంతట అభిప్రాయముండెను. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ వంటి మహా సంఘములు ఆ నగరమున వెలసియుండెను. వాటి ముందు దక్షిణాది పోలీసు జట్టు ఏపాటి యని పలువురు తలచిరి. అట్టి సమయమున, 1950లో ఢిల్లీలో జరిగిన డ్యూరాండ్ కప్పు పోటీలో హైదరాబాదు పోలీసు జట్టు మోహన్ బగాన్‌ను ఓడించి కప్పును గెలుచుకొనెను. బొంబాయిలో జరుగు రోవర్స్ కప్పును 1950 నుండి 1954 వఱకు వరుసగా ఐదు సంవత్సరములు ఆ జట్టే గెలిచెను. సంతోష్ ట్రోఫీ అను రాష్ట్రముల మధ్య పోటీలో 1956, 1957 సంవత్సరములలో హైదరాబాదు జట్టే విజేతగా నిలిచెను. ఇన్ని విజయములు అదృష్టము వలన వచ్చునవి కావు. వీని వెనుక ఒక పద్ధతి కలదు.

ఆ పద్ధతిని తెలిసికొనిననే గాని రహీమ్ గొప్పతనము బోధపడదు. మన ఆటగాండ్రకు అప్పటిలో ఒక అలవాటుండెను. బంతి కాలికి చిక్కిన వెంటనే దానిని తనయొద్దనే అట్టిపెట్టుకొని, ఎదిరి ఆటగాండ్రను ఒక్కొక్కరిని తప్పించుకొనుచు పోయి ప్రేక్షకుల మెప్పు పొందుటయే ఘనతగా భావించెడివారు. ఇట్టి విద్యను డ్రిబ్లింగు అందురు. రహీమ్ ఈ విద్యను నిరసింపలేదు గాని, ఒక్కడు ఎంత నేర్పరి యైనను పదునొకండుగురితో సమానము కాడని బోధించెను. మనుష్యుని కంటె బంతి వేగముగా పరుగెత్తగలదు. కావున బంతిని పట్టుకొని పరుగెత్తుట కంటె, దానిని తోడివానికి అందించి తాను ఖాళీ స్థలమునకు పోవుట మేలు. ఈ చిన్న సూత్రము మీదనే ఆయన శిక్షణ అంతయు ఆధారపడియుండెను. డ్రిబ్లింగు చేయరాదను నిబంధనతో ఆయన ప్రత్యేకముగా పోటీలు నడిపెను.

ఆయన కనిపెట్టిన మఱియొక ఉపాయము ఇంకను విచిత్రమైనది. అనేకులు ఒక కాలితో చక్కగా తన్నగలరు; రెండవ కాలు వారికి కేవలము నిలబడుటకే ఉపయోగపడును. ఎదిరి జట్టువారు ఈ సంగతి కనిపెట్టినచో ఆ ఆటగాని ఆట సగము కట్టుబడినట్లే. అందుచే రహీమ్ బలహీనమైన కాలితో మాత్రమే బంతిని తన్నవలెనను నిబంధన పెట్టి పోటీలు జరిపించెను. మొదట బాలురు తడబడిరి, చూచువారు నవ్విరి. కాని కొన్నాళ్లు గడచునప్పటికి హైదరాబాదు బాలురు రెండు కాళ్లతోను సమానముగా ఆడగలిగిరి. లోపమును దాచుకొనుటకు బదులు దానినే అభ్యాసమునకు వస్తువుగా చేసికొనవలెనని ఆయన ఈ విధముగా నేర్పెను.

1951వ సంవత్సరము మార్చి నెలలో మొట్టమొదటి ఆసియా క్రీడలు న్యూఢిల్లీలో జరిగెను. స్వాతంత్ర్యము లభించి నాలుగేండ్లైనను నిండలేదు. పదునొకండు దేశముల క్రీడాకారులు ఆ ఉత్సవమునకు వచ్చిరి. భారత ఫుట్‌బాలు జట్టునకు శిక్షకుడు రహీమ్. నాయకుడు బెంగాలుకు చెందిన శైలేన్ మన్నా. మన జట్టు మొదట ఇండొనీషియాను, తరువాత అఫ్గానిస్తానమును మూడేసి గోలుల తేడాతో ఓడించెను. తుదిపోటీలో ఇరాన్ జట్టు గట్టిగా ఎదిరించెను. సాహు మేవాలాల్ చేసిన ఒకే ఒక గోలుతో భారత జట్టు గెలిచి స్వర్ణపతకము నందుకొనెను. ఆసియా క్రీడలలో ఫుట్‌బాలునకు మొదటి స్వర్ణము ఈ విధముగా మనదేశమునకే దక్కెను.

విజయము తరువాత ఒక్కయేడు గడచినదో లేదో గొప్ప పరాభవము ఎదురయ్యెను. 1952లో ఫిన్లాండు రాజధాని హెల్సింకీలో ఒలింపిక్ క్రీడలు జరిగెను. మన ఆటగాండ్రలో పెక్కుమంది బూట్లు లేకుండ వట్టికాళ్లతోనే ఆడిరి. చలిదేశపు తడినేల మీద వారి కాళ్లు నిలువలేదు. ఒలింపిక్ క్రీడలలో ఆట తొంబది నిమిషములు సాగును. మనదేశపు పోటీలలో అంతకంటె తక్కువ సమయమే సాగెడిది. బలశాలియగు యుగోస్లావియా జట్టు చేతిలో మనవారు ఒక గోలునకు పది గోలులతో ఓడిపోయిరి. ఇట్టి ఓటమి కలిగినప్పుడు నిందించుటకు మనుష్యులను వెదకుట లోకరీతి. రహీమ్ నిందలు వెదకలేదు, కారణములు వెదకెను. ఈ పరాభవము తరువాత మన ఆటగాండ్రు బూట్లు ధరించి ఆడవలెనను నియమము ఏర్పడెను.

అప్పుడు ఐరోపాలో హంగరీ జట్టు క్రొత్త పద్ధతితో ఆడి పేరు పొందుచుండెను. వారి నడిమి ఫార్వర్డు ముందునకు చొచ్చుకొని నిలువక కొంచెము వెనుకకు జరిగి ఆడెడివాడు. అతనిని వెంబడింపవలెనా మానవలెనా యని ఎదిరి రక్షకులు తికమకపడెడివారు. రహీమ్ ఈ పద్ధతిని శ్రద్ధతో పరిశీలించి, మన ఆటగాండ్ర శక్తికి తగినట్లు మార్చి, 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలకు పోయిన జట్టునకు నేర్పెను. సమర్ బెనర్జీ నాయకత్వమున ఆ జట్టు ఆతిథ్య దేశమగు ఆస్ట్రేలియాను రెండు గోలులకు నాలుగు గోలులతో ఓడించెను. వానిలో మూడు గోలులు నెవిల్ డిసౌజా ఒక్కడే చేసెను. ఒలింపిక్ ఫుట్‌బాలు పోటీలో సెమీఫైనలు చేరిన మొదటి ఆసియా దేశము భారతదేశమే. అక్కడ మఱల యుగోస్లావియా ఎదురయ్యెను. ఈమాఱు మొదటి గోలు మనవారిదే. కాని తుదకు వారు నాలుగు గోలులు చేసి గెలిచిరి. మూడవ స్థానమునకు జరిగిన పోటీలో బల్గేరియా గెలుచుటచే భారత జట్టు నాలుగవ స్థానమున నిలిచెను. నాలుగేండ్ల క్రిందట పది గోలులు అప్పగించిన జట్టు ప్రపంచమున నాలుగవదిగా నిలుచుట సామాన్యమా?

ఆ జట్టులో హైదరాబాదు ఆటగాండ్రు పలువురుండిరి. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరామ్ వారిలో కొందఱు. బలరామ్ కథ రహీమ్ స్వభావమును చక్కగా తెలుపును. సికిందరాబాదు దగ్గఱ అమ్ముగూడ అను గ్రామమున ఒక పేద కుటుంబములో బలరామ్ పుట్టెను. ఆ బాలుని ఆటను చూచిన రహీమ్ అతనిని అభ్యాసమునకు హైదరాబాదు రమ్మని పిలిచెను. కాని అంతదూరము ప్రతిదినము వచ్చుటకు ఆ బాలునియొద్ద డబ్బు లేదు. సంగతి తెలిసికొని రహీమ్ అద్దె సైకిలుకు కావలసిన డబ్బును తానే ఇచ్చెను. ఆ అద్దె సైకిలు మీద వచ్చిన బాలుడు తరువాత రెండు ఒలింపిక్ క్రీడలలో భారతదేశము పక్షమున ఆడెను. ప్రతిభ పేదయింట పుట్టిన మాత్రమున వాడిపోరాదని రహీమ్ తలంపు. కులమతములనుగాని, భాషాభేదములనుగాని ఆయన ఆటస్థలములోనికి రానీయలేదు.

1958లో టోక్యో నగరమున జరిగిన ఆసియా క్రీడలలో భారత జట్టు నాలుగవ స్థానముతో తృప్తిపడవలసివచ్చెను. 1960లో రోమ్ ఒలింపిక్ క్రీడలకు రహీమ్ మఱల జట్టును సిద్ధపఱచెను. ఆయన కుమారుడు హకీమ్ కూడ ఆ జట్టులో సభ్యుడు. హంగరీ, ఫ్రాన్సు, పెరూ దేశములతో మనజట్టు తలపడెను. హంగరీ చేతిలో ఒక్క గోలు తేడాతో మాత్రమే ఓడెను; ఫ్రాన్సుతో సమానముగా నిలిచెను; పెరూ చేతిలో ఓడిపోయెను. పతకము రాకున్నను, ఐరోపా జట్లతో భారతజట్టు సరిసమానముగా ఆడగలదని లోకమునకు తెలిసెను. ఆ జట్టులోని యువకులు మఱి రెండేండ్లలో పరిపక్వ దశకు వచ్చిరి.

1962వ సంవత్సరము ఆగస్టు మాసమున నాలుగవ ఆసియా క్రీడలు ఇండొనీషియా రాజధానియగు జకార్తాలో మొదలయ్యెను. చునీ గోస్వామి భారత జట్టునకు నాయకుడు. పి. కె. బెనర్జీ, బలరామ్, జర్నైల్ సింగ్, అరుణ్ ఘోష్, పీటర్ తంగరాజ్, ప్రద్యోత్ బర్మన్, చంద్రశేఖర్, త్రిలోక్ సింగ్, యూసుఫ్ ఖాన్ మొదలగువారు ఆటగాండ్రు. బెంగాలు, పంజాబు, మద్రాసు, ఆంధ్రప్రదేశ్, కేరళ మొదలైన పలుతావుల నుండి వచ్చిన ఆ యువకులను రహీమ్ ఒక్కయింటి బిడ్డలవలె కలిపి నడపెను. వెనుక నలుగురు, నడుమ ఇద్దరు, ముందు నలుగురు నిలిచి ఆడు క్రొత్త వ్యూహమును వారికి నేర్పెను. అప్పటికే ఆయన శరీరమును క్యాన్సరు వ్యాధి లోలోపల క్షీణింపజేయుచుండెను.

ఆగస్టు 26వ తేదీన మొదటి ఆటలో దక్షిణ కొరియా మనజట్టును రెండు గోలులతో ఓడించెను. ఆరంభమే ఓటమి యగుటచే ఆటగాండ్రు చిన్నబుచ్చుకొనిరి. ఇంకొక ఓటమి కలిగినచో ఇంటిదారి పట్టవలసినదే. రహీమ్ ధైర్యము చెడలేదు. తదుపరి ఆటలో భారత జట్టు థాయిలాండును ఒక గోలునకు నాలుగు గోలులతో ఓడించెను. కాని ఆ గెలుపునకు పెద్ద మూల్యము చెల్లింపవలసివచ్చెను. మన రక్షణ వరుసకు ఆధారస్తంభము వంటి జర్నైల్ సింగ్ తలకు తీవ్రమైన గాయము తగిలి, కుట్లు వేయవలసివచ్చెను. అతడు లేకుండగనే జట్టు జపానును రెండు గోలులతో ఓడించి సెమీఫైనలు చేరెను.

సెమీఫైనలులో ఎదిరి పక్షము దక్షిణ వియత్నాము. తలకు కట్టుతో ఉన్న జర్నైల్ సింగ్ ఆడుటకు సంసిద్ధుడయ్యెను. కాని రక్షకుడు గాలిలో వచ్చు బంతులను మాటిమాటికి తలతో ఎదుర్కొనవలెను. గాయము మఱల తెగినచో అపాయము. అతనిని విడిచిపెట్టినచో జట్టు బలము తగ్గును. ఈ చిక్కును రహీమ్ విప్పిన తీరు మెచ్చదగినది. జర్నైల్ తన కళాశాల దినములలో సెంటర్ ఫార్వర్డు స్థానమున ఆడినవాడు. ఆ సంగతి మఱవని రహీమ్ అతనిని రక్షణ వరుస నుండి తీసి దాడి వరుసలో నిలిపెను. రక్షణ భారమును అరుణ్ ఘోష్ వహించెను. ఆనాటి ఆట ఉయ్యెలవలె ఊగెను. మనవారు రెండు గోలులు చేసి ముందంజ వేయగా, వియత్నామువారును రెండు చేసి సమానులైరి. తుదకు చునీ గోస్వామి విజయపు గోలు చేసెను. మన మూడు గోలులలో ఒకటి జర్నైల్ సింగ్‌ది.

తుదిపోటీ దక్షిణ కొరియాతోనే జరుగవలసి యుండెను. కొరియా బలమునకు తోడు మఱియొక విపత్తు సంభవించెను. ఇజ్రాయెలు, తైవాను దేశముల క్రీడాకారులకు ఇండొనీషియా ప్రభుత్వము ప్రవేశము కల్పింపలేదు. అంతర్జాతీయ ఒలింపిక్ సంఘ సభ్యుడును, ఆసియా క్రీడలను నెలకొల్పినవారిలో ముఖ్యుడును అగు భారతీయుడు గురుదత్ సోంధీ దీనిని బహిరంగముగా ఆక్షేపించెను. అందుపై జకార్తా ప్రజలకు భారతీయుల మీద ఆగ్రహము కలిగెను. జనులు గుంపులుగా పోయి భారత రాయబార కార్యాలయము మీద దాడి చేసిరి. ఈ తగవుతో ఆటగాండ్రకు ఏ సంబంధమును లేదు. కాని కోపము వచ్చిన గుంపు అట్టి తారతమ్యము చూడదు. ఆటగాండ్రు బయట తిరుగుటకే జంకవలసిన పరిస్థితి ఏర్పడెను.

ఫైనలునకు ముందటి రాత్రి ఆటగాండ్రకు నిద్ర పట్టలేదు. రహీమ్ వారిని చేరదీసి మాటలాడెను. ఆయన వారిని బెదిరింపలేదు. దీర్ఘమైన ఉపన్యాసమును ఇయ్యలేదు. తనకొక కానుక కావలెననియు, ఆ కానుక మఱునాటి స్వర్ణపతకమే యనియు మాత్రము కోరెను. గురువు శిష్యులను కానుక అడుగుట మనదేశమున క్రొత్త గాదు. కాని రహీమ్ కోరినది తనకై కాదు, దేశమునకై.

సెప్టెంబరు 4వ తేదీన సెనాయన్ క్రీడాంగణము లక్షమంది జనముతో క్రిక్కిఱిసి యుండెను. భారత జాతీయగీతము వినిపించునప్పుడు సైతము ప్రేక్షకులు కేకలు వేసి పరిహసించిరి. మన ఆటగాండ్ర కాలికి బంతి తగిలినంతనే ఈలలును, అఱపులును మిన్నుముట్టెను. ఆ జనసముద్రములో మనకు జయము కోరినవారు వ్రేళ్ల మీద లెక్కింపదగినవారు. హాకీ ఫైనలులో మనలను ఓడించిన పాకిస్తాన్ జట్టువారు ఆనాడు మన ఫుట్‌బాలు జట్టును ప్రోత్సహించిరని మన ఆటగాండ్రు తరువాత కృతజ్ఞతతో చెప్పుకొనిరి.

జ్వరముచే కొన్ని ఆటలకు దూరమైయుండిన ఆజానుబాహువు తంగరాజును రహీమ్ ఆనాడు గోలు ముందు నిలిపెను. జర్నైల్ సింగ్ తలకట్టుతోనే దాడి వరుసలో నిలిచెను. ఆట మొదలైన పదునేడవ నిమిషమున పి. కె. బెనర్జీ బంతిని కొరియా గోలులోనికి పంపెను. ప్రేక్షకుల గోల ఒక్కసారిగా సన్నగిల్లెను. మఱి మూడు నిమిషములకే జర్నైల్ సింగ్ రెండవ గోలు చేసెను. తలకు గాయమై పరుండవలసినవాడే జట్టునకు విజయమును ప్రసాదించెను. త్రిలోక్ సింగ్ కాలి గోరు దెబ్బతిని బాధించుచున్నను ఆటస్థలము విడువలేదు. కొరియావారు పట్టు విడువక పోరాడి, ఆట ముగియుటకు ఐదు నిమిషముల ముందు ఒక గోలు చేసిరి. ఆ చివరి ఐదు నిమిషములు మనవారికి ఐదు యుగములవలె తోచియుండును. కాని రక్షణ చెదరలేదు. రిఫరీ ఈల మ్రోగెను. భారతదేశము ఒక గోలునకు రెండు గోలులతో గెలిచెను. తొమ్మిది దినముల క్రిందట తమ్మును ఓడించిన జట్టునే ఓడించి మన యువకులు గురువు కోరిన కానుకను తెచ్చియిచ్చిరి.

స్వదేశమునకు తిరిగి వచ్చిన పిదప రహీమ్ ఆరోగ్యము త్వరత్వరగా క్షీణించెను. ఆసియా విజేతలను తయారుచేసిన ఆ చేతులకు ఈల పట్టుకొను శక్తియు లేకపోయెను. 1963వ సంవత్సరము జూన్ 11వ తేదీన ఆయన పరమపదించెను. జకార్తా విజయమునకు అప్పటికి ఏడాదియైనను నిండలేదు. ఆయన వయస్సు ఏబదిమూడు సంవత్సరములు మాత్రమే.

గురువు గతించినను విద్య గతింపదు. జకార్తాలో మొదటి గోలు చేసిన పి. కె. బెనర్జీ తరువాత తానే శిక్షకుడై 1970లో బాంకాక్ ఆసియా క్రీడలకు భారత జట్టును తీసికొనిపోయెను. హైదరాబాదు బిడ్డ సయ్యద్ నయీముద్దీన్ ఆ జట్టునకు నాయకుడు. వారు కాంస్యపతకము తెచ్చిరి. రహీమ్ కుమారుడు హకీమ్ కూడ శిక్షకుడుగా పేరు గడించెను. కాని 1962 తరువాత, 2023లో హాంగ్‌ఝౌ నగరమున జరిగిన క్రీడల వఱకు, ఆసియా క్రీడల ఫుట్‌బాలు స్వర్ణము మనదేశమునకు మఱల రాలేదు. చిరకాలము మఱుగున పడిన రహీమ్ చరిత్ర 2024లో మైదాన్ అను హిందీ చలనచిత్రముగా వెలువడి క్రొత్త తరమువారికి ఆయనను పరిచయము చేసెను.

రహీమ్ జీవితమును తలచునప్పుడు ఒక విషయము స్ఫురించును. జకార్తాలో గోలులు చేసినవారు ఆటగాండ్రు. మెడలో పతకములు వేసికొన్నవారును వారే. ఆయన ఆటస్థలపు గీత వెలుపల నిలిచి చూచుచుండెను. తాను గీత వెలుపల నిలిచి, తన శిష్యులను గీత లోపల వెలిగింపజేయుటయే ఉపాధ్యాయుని భాగ్యము. బలహీనమైన కాలితో తన్నుట నేర్పినవాడు, గాయపడినవానికి తగిన స్థానము చూపినవాడు, అద్దె సైకిలుకు డబ్బిచ్చినవాడు, లక్షమంది కేకల నడుమ పదునొకండుగురిని ఒక్కమనస్సుగా నిలిపినవాడు అగు ఆ బడిపంతులు భారతీయ క్రీడాచరిత్రమున చిరస్మరణీయుడు.